బారల లెక్క: ఈతలో శ్రమ పొదుపుకు ఒక కొలమానం

ఈత కొలనులో ఒక గోడను తన్ని బయలుదేరి ఎదుటి గోడను అందుకునేలోగా ఈతగాడు ఎన్నిసార్లు చేతులు వేశాడో లెక్కపెట్టి, పడిన శ్రమలో ఎంత అతన్ని ముందుకు నడిపింది, ఎంత నీళ్లపాలైంది అన్నది అంచనా వేసే పద్ధతి ఇది. శిక్షకులు దీన్ని స్ట్రోక్ కౌంట్ అంటారు. గోడ నుంచి గోడకు ఉన్న దూరం లెంగ్త్. అంతర్జాతీయ పోటీలు 50 మీటర్ల కొలనులోనూ 25 మీటర్ల కొలనులోనూ జరుగుతాయి. అమెరికా పాఠశాలల్లో, కళాశాలల్లో 25 గజాల కొలను, అంటే 22.86 మీటర్లది, ఇప్పటికీ వాడుకలో ఉంది. ఈ లెక్కకు పరికరం అక్కర్లేదు, పక్కన మనిషి అక్కర్లేదు. ఇంత తేలిగ్గా దొరికే సంఖ్య కావడం వల్లే దీన్ని తప్పుగా అర్థం చేసుకోవడమూ తేలికైంది. లెంగ్త్‌కు పట్టిన కాలం పక్కన లేనిదే బారల సంఖ్య ఏమీ చెప్పదు. కాలం మారకుండా సంఖ్య తగ్గితే మాత్రం ఈత మెరుగుపడిందనడానికి అంతకన్నా చవకైన, నమ్మదగిన సాక్ష్యం మరొకటి లేదు.

పదం, ప్రమాణం

తెలుగులో బార అనే మాటకు రెండు అర్థాలున్నాయి. రెండు చేతులూ పక్కలకు చాచినప్పుడు ఈ కొస వేలి నుంచి ఆ కొస వేలి దాకా ఉండే కొలత ఒక బార. తాళ్ల పొడవును, బావుల లోతును ఈ కొలతతోనే చెప్పుకునేవారు. ఈతలో చేయి చాచి నీటిని వెనక్కి తోయడమూ బారే. నాలుగు బారలు వేసి ఒడ్డు చేరాడని అంటాం. ఒకే మాట కొలతకూ కదలికకూ చెల్లడం ఈ విషయానికి చక్కగా నప్పుతుంది. ఒక కదలికకు ఎంత కొలత గడిచింది అన్నదే ఇక్కడి ప్రధాన ప్రశ్న.

లెక్కలో ఒక సందిగ్ధం మొదటే తేల్చుకోవాలి. ఫ్రీస్టైల్‌లో, బ్యాక్‌స్ట్రోక్‌లో చేతులు ఒకదాని తర్వాత ఒకటి పడతాయి కనుక ప్రతి చేతినీ ఒక బారగా లెక్కించడం ఎక్కువమంది పద్ధతి. కుడి, ఎడమ కలిపి ఒక ఆవృత్తిగా లెక్కించేవారూ ఉన్నారు. పరిశోధన పత్రాల్లో తరచూ కనిపించేది ఇదే. చేతి గడియారాలు తమను కట్టుకున్న చేయి కదలికనే పసిగడతాయి కనుక వాటి సంఖ్య చాలాసార్లు సగమే ఉంటుంది. ఒకరి 10, మరొకరి 20 నిజానికి ఒకే ఈత కావచ్చు. ఈ వ్యాసంలో బార అంటే ఒక చేయి వేయడం.

వేగ సమీకరణం

ఈతగాడి వేగం రెండు రాశుల లబ్ధం: ఒక్కో బారకు గడిచిన దూరం, నిర్ణీత కాలంలో వేసిన బారల సంఖ్య. మొదటిది బార పొడవు, రెండోది స్ట్రోక్ రేటు. 25 మీటర్ల కొలనులో గోడను తన్నిన ఊపుతో మొదటి 5 మీటర్లు చేతులు వేయకుండానే గడిచాయనుకుందాం. మిగిలిన 20 మీటర్లకు 20 బారలు పడితే బార పొడవు ఒక మీటరు. అదే దూరానికి 16 బారలే పడితే బార పొడవు మీటరుంబావు. రెండు సందర్భాల్లోనూ 25 సెకన్లే పట్టాయంటే రెండోసారి చేతులు ఐదో వంతు తక్కువ తిరిగి అదే పని చేశాయి. రెండోసారి 30 సెకన్లు పట్టిందంటే మాత్రం మెరుగుదల గురించి ఏమీ తేలలేదు. మెల్లగా ఈదితే దాదాపు ఎవరికైనా బారలు తగ్గుతాయి. కాలాన్ని స్థిరంగా ఉంచాలన్న షరతు ఇక్కడి నుంచే వచ్చింది.

గోడ తన్నుడును లెక్కలోంచి తీసేయడమూ అంతే ముఖ్యం. నీటి అడుగున దేహాన్ని బాణంలా సాచి ఎక్కువ దూరం జారగలిగినవాడికి ఉపరితలం మీద ఈదాల్సిన దూరమే తగ్గుతుంది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో జపాన్‌కు చెందిన డైచి సుజుకి 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌లో మొదటి 30 మీటర్ల దాకా నీటి అడుగునే సాగి స్వర్ణం గెలిచాడు. ఆ తర్వాత నియమాలు మారాయి. ఇప్పుడు ఫ్రీస్టైల్, బ్యాక్‌స్ట్రోక్, బటర్‌ఫ్లైలలో గోడ నుంచి 15 మీటర్లలోగా తల పైకి రావాలి. అయినా 5 మీటర్ల దగ్గర తేలే అభ్యాసకుడికీ 12 మీటర్ల దగ్గర తేలే పోటీదారుడికీ మధ్య బారల సంఖ్యను నేరుగా పోల్చకూడదు.

నీటి నిరోధం, చేతి జారుడు

బారల సంఖ్య ఎందుకు తగ్గుతుందో తెలియాలంటే నీటి స్వభావం దగ్గరికి వెళ్లాలి. నీరు గాలికన్నా సుమారు 800 రెట్లు సాంద్రమైనది. దానిలో కదిలే దేహానికి ఎదురయ్యే నిరోధం సుమారుగా వేగపు వర్గంతో పెరుగుతుంది, దాన్ని అధిగమించడానికి కావలసిన సామర్థ్యం వేగపు ఘనంతో పెరుగుతుంది. వేగాన్ని పదో వంతు పెంచాలంటే దాదాపు మూడో వంతు అదనపు సామర్థ్యం కావాలన్నమాట. కండబలంతో అంత పెంచుకోవడానికి నెలలు, ఏళ్లు పడతాయి. తల ఎత్తి ఈదడం మానేస్తే మాత్రం మునిగిన తుంటి, కాళ్లు అదే రోజు పైకి తేలతాయి. తల పైకి లేచిన కొద్దీ కాళ్లు కిందికి దిగుతాయి, ఎదురుగా వచ్చే నీటికి దేహం అడ్డుగోడలా నిలబడుతుంది. చూపు కొలను అడుగుకు, తల వెన్నెముకకు వరుసలో, ఊపిరి తీసేటప్పుడు తల ఎత్తకుండా పక్కకు తిప్పడం: తొలి దశ అభ్యాసకుడి బారలు తగ్గేది ప్రధానంగా ఈ సవరణలతోనే. చేతులు అప్పుడు కొత్తగా చేసిందేమీ ఉండదు. అదే బార, తక్కువ అడ్డంకి మధ్య ఎక్కువ దూరం తీసుకుపోతుంది.

రెండో నష్టం చేతి దగ్గర జరుగుతుంది. నేల మీద నడిచేవాడి పాదం జారకపోతే వేసిన అడుగంతా ముందుకే. నీటిలో అటువంటి గట్టి ఆనుడు దొరకదు. చేయి వెనక్కి తోసినప్పుడు దేహం కొంత ముందుకు పోతుంది, నీరు కొంత వెనక్కి పోతుంది. వెనక్కి పోయిన నీటికి చేరిన శక్తి ఈతగాడికి నష్టమే. ఈ నష్టాన్ని కొలవడానికి ఆమ్‌స్టర్‌డామ్‌లో హుబ్ తూసాంట్, ఆయన సహచరులు నీటి అడుగున కదలని పలకల వరుస అమర్చి, ఈతగాళ్లు వాటిని నెట్టుకుంటూ సాగే ఏర్పాటు చేశారు. పలకలు జారవు కనుక, వాటి మీది ఈతను మామూలు ఈతతో పోల్చి నీళ్లపాలైన భాగాన్ని లెక్కగట్టవచ్చు. 1990లో ప్రచురించిన ఫలితాల్లో పోటీ ఈతగాళ్ల చోదన దక్షత (పెట్టిన శక్తిలో ముందుకు నడిపిన భాగం) 61 శాతం, ట్రయాథ్లాన్ క్రీడాకారులది 44 శాతం. ఇరువురి స్ట్రోక్ రేటులో చెప్పుకోదగ్గ తేడా లేదు; తేడా అంతా బార పొడవులో తేలింది. ట్రయాథ్లాన్ వాళ్లకు గుండె, ఊపిరితిత్తుల దారుఢ్యంలో లోటుండదు. వాళ్ల దగ్గర కొరవడింది నీటిని పట్టే నేర్పు. వేళ్ల కొసలు కిందికి వంచి, మోచేతిని పైకి ఉంచి, అరచేయితో పాటు ముంజేయి మొత్తాన్ని తెడ్డులా వాడటమే ఆ నేర్పు. మోచేయి ముందే జారిపోతే అరచేయి నీటిని వెనక్కి తోయడానికి బదులు కిందికి నొక్కుతుంది. భుజం లేస్తుంది గాని దేహం సాగదు.

మూడో నష్టం పైకి కనిపించదు: వేగం ఎగుడుదిగుడుగా ఉండటం. సగం కాలం సెకనుకు 1.2 మీటర్ల చొప్పున, మిగతా సగం 0.8 మీటర్ల చొప్పున సాగే ఈతగాడి సగటు వేగం సెకనుకు ఒక మీటరే. సామర్థ్యం వేగపు ఘనంతో పెరుగుతుందన్న సూత్రాన్ని ఈ రెండు వేగాలకూ వర్తింపజేసి సగటు కడితే, నిలకడగా ఒక మీటరు వేగంతో వెళ్లేవాడి కన్నా ఇతనికి 12 శాతం ఎక్కువ ఖర్చు. ఇది స్థూలమైన లెక్కే, కాని దిశ తప్పదు. ప్రతి బారకూ దేహాన్ని మందగించనిచ్చి మళ్లీ ఊపందించడం ఖరీదైన వ్యవహారం. ఈ మూడు నష్టాల్లో మొదటి రెండూ తగ్గితే బారల సంఖ్య తగ్గుతుంది. మూడోది మాత్రం సంఖ్యను బలవంతంగా తగ్గించబోయినప్పుడే పెరుగుతుంది. ఈ లెక్క మీద సాగిన వివాదాలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది (చూ. ఆక్షేపణలు, సమాధానాలు).

చరిత్ర

పోటీ ఈతను శాస్త్రీయంగా గమనించే ధోరణికి 20వ శతాబ్దంలో ఊతమిచ్చినవారిలో ఇండియానా విశ్వవిద్యాలయ శిక్షకుడు జేమ్స్ కౌన్సిల్‌మన్ ముఖ్యుడు. ఆయన నీటి అడుగున తీసిన చిత్రాలతో చేతి కదలికలను పరిశీలించి 1968లో ‘ది సైన్స్ ఆఫ్ స్విమ్మింగ్’ వెలువరించాడు. బారల సంఖ్యనూ వేగాన్నీ కలిపి చూడటానికి గట్టి పునాది వేసింది ఆల్బర్ట్ క్రెయిగ్, డేవిడ్ పెండర్‌గాస్ట్ 1979లో ప్రచురించిన అధ్యయనం. స్ట్రోక్ రేటు పెంచుతూ పోతే వేగం పెరుగుతుంది, బార పొడవు తరుగుతుంది, ఒక హద్దు దాటాక చేతులు ఎంత తిప్పినా వేగం పెరగదని వారు వక్రరేఖలుగా గీసి చూపారు. ప్రతి ఈతగాడికీ తనదైన రేఖ ఉంటుంది. మేటి ఈతగాడి రేఖ మొత్తంగా ఎత్తులో ఉంటుంది, అంటే ఏ రేటు దగ్గర చూసినా అతని బార పొడవే ఎక్కువ.

క్రెయిగ్ బృందం 1985లో ఇంకో అడుగు ముందుకు వేసింది. అమెరికాలో 1976, 1984 ఒలింపిక్ ఎంపిక పోటీలను పోల్చి చూస్తే, ఆ ఎనిమిదేళ్లలో చాలా అంశాల్లో పెరిగిన వేగానికి బార పొడవు పెరగడమే కారణమని తేలింది. దూరపు పందేల్లో అలసట ముదిరిన కొద్దీ అందరి బారా కుదించుకుపోయింది. ముందు నిలిచినవారిలో ఆ కుదింపు తక్కువ. ఈ రెండో ఫలితమే నిత్య సాధనకు ఎక్కువ పనికొస్తుంది. అదే ఏడు డేవిడ్ కాస్టిల్ బృందం వేగాన్ని బార పొడవుతో గుణిస్తే వచ్చే స్ట్రోక్ ఇండెక్స్‌ను ప్రతిపాదించింది. మెల్లగా జారుతూ సంఖ్య తగ్గించేవాడికి ఈ సూచికలో ఏమీ కలిసిరాదు, వేగమూ గుణకమే కనుక. 2000లో ఫ్రాన్స్‌లో డిడియే షోలె బృందం ఒక చేయి తోయడం ముగియడానికీ రెండో చేయి నీటిని పట్టడానికీ మధ్య ఎంత వ్యవధి ఉందో కొలిచే సమన్వయ సూచికను రూపొందించింది. బారల మధ్య చోదన లేని ఖాళీ ఎంతో దీనితో అంకెల్లో చెప్పడం వీలైంది.

ఈ లెక్కను మామూలు ఈతగాళ్ల దాకా తెచ్చినవాడు అమెరికా శిక్షకుడు టెర్రీ లాఫ్లిన్. 1989లో ఆయన మొదలుపెట్టిన టోటల్ ఇమ్మర్షన్ పద్ధతి, 1996లో అదే పేరుతో వచ్చిన పుస్తకం, వయసు మళ్లాక ఈత నేర్చుకునేవారిలో విస్తృతంగా వ్యాపించాయి. ఆయన మీద ప్రభావం చూపిన బిల్ బూమర్ రోచెస్టర్ విశ్వవిద్యాలయ శిక్షకుడు, పైన చెప్పిన 1985 అధ్యయనంలో భాగస్వామి. ప్రయోగశాలలో తేలిన విషయం కొలను గట్టుకు చేరిన దారి ఇది. చేతి గడియారాల్లో చలన గ్రాహకాలు వచ్చాక ఆ లెక్క అడగకుండానే తెర మీద కనబడుతోంది.

లెక్కించే విధానాలు

చేయి నీటిలో దిగిన ప్రతిసారీ మనసులో ఒక అంకె అనుకోవడమే మూల పద్ధతి. గోడ తన్నిన తర్వాత మొదటి చేయి లాగడంతో ఒకటి మొదలవుతుంది, గోడను తాకిన చేయితో ముగుస్తుంది. పోటీ కొలనుల్లో వరుసల మధ్య తాడుకు కట్టిన తేలికకాయల రంగు గోడకు 5 మీటర్ల దగ్గర మారుతుంది. ఆ గుర్తు నుంచి ఎదుటి గుర్తు దాకా లెక్కిస్తే గోడ తన్నుడు పాలు చాలావరకు తొలగిపోతుంది. పందేలను విశ్లేషించేవారు ఇంకా జాగ్రత్తగా కొలను నడుమ భాగాన్నే తీసుకుంటారు. గేటెడ్ కాలనీల్లో, హోటళ్లలో ఉండే కొలనుల పొడవు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కనుక, పొడవు కొలిచి తెలుసుకోనిదే అక్కడి సంఖ్యను క్లబ్బు కొలను సంఖ్యతో పోల్చడానికి లేదు. 25 మీటర్ల సంఖ్యను రెట్టింపు చేస్తే 50 మీటర్ల సంఖ్య కూడా రాదు. పెద్ద కొలనులో నడుమ ఒక గోడ తన్నుడు తగ్గుతుంది.

సంఖ్యనూ సెకన్లనూ కూడితే వచ్చేదాన్ని స్వాల్ఫ్ అంటారు. ఈత, గోల్ఫ్ అనే రెండు ఆంగ్ల పదాల కలయిక అది. గోల్ఫ్‌లో లాగే తక్కువ వస్తే మేలు. 20 బారలు, 25 సెకన్లు అయితే స్వాల్ఫ్ 45. సంఖ్య ఒక్కదాన్నే చూడటం కన్నా ఇది మేలే, ఎందుకంటే కాలం లెక్కలోకి వచ్చింది. అయితే 17 బారలు, 28 సెకన్లు అయినా మొత్తం 45 అవుతుంది, వేగం మాత్రం పదో వంతుకు పైగా పడిపోయింది. బార, సెకను ఒకే తూకం గలవని ఈ కూడిక ఊరకే ఒప్పేసుకుంటుంది. అందుకే మొత్తాన్ని ఒక్కటే రాసుకోకుండా రెండు అంకెలనూ విడివిడిగా రాసుకోవడం మంచిది.

సాధనలో వినియోగం

మొదట తెలుసుకోవలసింది ఒక సంఖ్యను కాదు, ఒక పరిధిని. తీరిగ్గా ఈదినప్పుడు 17, ఒక మాదిరి వేగంలో 19, గట్టిగా ఈదినప్పుడు 22 పడే వ్యక్తికి తన పరిధి తెలిసినట్టే. కాలాన్ని మార్చకుండా ఆ పరిధిని కిందికి జరపడం సాధన లక్ష్యం. ఇందుకు ఒక దారి, ప్రతి లెంగ్త్‌నూ ఒకే సెకన్లలో పూర్తిచేస్తూ ఒక బార తగ్గించి చూడటం. రెండో దారి, టోపీ కింద పెట్టుకునే చిన్న మోత యంత్రంతో స్ట్రోక్ రేటును బిగించి, మోత మోతకూ ఒక చేయి వేస్తూ సాగడం. రేటు కదలకుండా బారలు తగ్గాయంటే కాలం తనంతట తానే తగ్గి తీరుతుంది, జారి మోసపోయే వీలుండదు. పిడికిలి బిగించి రెండు లెంగ్త్‌లు, అరచేయి తెరిచి రెండు లెంగ్త్‌లు ఈదడం పాత అభ్యాసమే. పిడికిలితో ఈదినప్పుడు సంఖ్య విపరీతంగా పెరిగితే ముంజేయి పనిచేయడం లేదని అర్థం.

దీనికన్నా విలువైన ఉపయోగం అలసటను కనిపెట్టడం. 400 మీటర్లు ఒకే వేగంతో ఈదుతూ ప్రతి లెంగ్త్‌కూ బారలు గుర్తుపెట్టుకుంటే మొదట్లో 18, నడుమ 19, చివర్లో 22 రావచ్చు. గడియారంలో కాలం మారలేదు కనుక అంతా బాగానే ఉన్నట్టు తోస్తుంది. సంఖ్య మాత్రం ఎనిమిదో, తొమ్మిదో లెంగ్త్ దగ్గర మోచేయి జారడం మొదలైందని, అప్పటినుంచి చేతులు ఎక్కువ తిప్పి లోటు పూడ్చుకుంటున్నాడని చెబుతుంది. ఆ తర్వాత ఈదిన దూరమంతా లోపాన్నే సాధన చేసినట్టవుతుంది. అక్కడ ఆగి, కాసేపు గోడ దగ్గర నిలిచి, 18తో మళ్లీ మొదలుపెట్టమని చెప్పే శిక్షకుడు క్రెయిగ్ బృందం 1985లో చూపిన దాన్నే ఆచరణలో పెడుతున్నాడు.

ఆక్షేపణలు, సమాధానాలు

మొదటి ఆక్షేపణ వేగపు పందేల నుంచి వస్తుంది. 50 మీటర్ల ఫ్రీస్టైల్‌లో మేటి ఈతగాళ్లు నిమిషానికి 120 బారల వరకూ, కొందరు అంతకు మించీ వేస్తారు. తక్కువ బారలే గొప్పయితే వాళ్లెందుకు పెంచుతున్నారని ప్రశ్న. 1979 వక్రరేఖల్లోనే జవాబుంది: వేగం పెరగాలంటే రేటు పెరగాలి, బార కొంత తరగక తప్పదు. చూడవలసింది ఆ తరుగుదల ఎంత అన్నదే. పందెపు వేగంలో పడే సంఖ్యను పందెపు వేగంలో పడిన పాత సంఖ్యతోనే పోల్చాలి. 1992, 1996 ఒలింపిక్స్ రెండింటిలోనూ 50, 100 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణాలు గెలిచిన అలెగ్జాండర్ పొపోవ్ పొడవైన, తొట్రుపాటు లేని బారకు పేరుపొందాడు. అతను మెల్లగా ఈది గెలవలేదు, ఆ పొడవును వేగంలోనూ నిలుపుకున్నాడు.

రెండోది ఇంకా బలమైన ఆక్షేపణ. సంఖ్య తగ్గించాలన్న పట్టుదలతో చాలామంది ఒక చేయి ముందుకు చాచి అలాగే జారుతూ ఉండిపోతారు. దేహం మందగిస్తుంది, చాచిన చేయి నీటిని పట్టడం మరిచిపోతుంది, తర్వాతి బార దాదాపు మొదటి నుంచి ఊపందించాల్సి వస్తుంది. అలవాటైన రేటు కన్నా తగ్గించి, అదే వేగంతో ఈదమన్నప్పుడు ప్రాణవాయువు వినియోగం పెరగడం కొలతల్లోనూ కనిపించింది. ఈ విమర్శ న్యాయమైనదే, దాన్ని పూర్తిగా ఒప్పుకోవాలి. అయితే అది తప్పుపట్టేది లెక్కను కాదు, కాలం చూడకుండా లెక్కపెట్టడాన్ని. జారుడుతో తగ్గిన ప్రతి బారకూ గడియారంలో మూల్యం కనిపిస్తుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బటర్‌ఫ్లై ముగింపు దీనికి అందరూ చూసిన ఉదాహరణ. మిలొరాద్ చావిచ్ చేతులు చాచి గోడ వైపు జారాడు, మైకేల్ ఫెల్ప్స్ మరో కురచ బార వేశాడు. ఫెల్ప్స్ కాలం 50.58 సెకన్లు, చావిచ్‌ది 50.59.

మూడోది ఎత్తు. పొడగరికి పొడవైన బార పుట్టుకతో వస్తుంది కనుక పొట్టివారిని ఈ లెక్క చిన్నబుచ్చుతుందని అంటారు. ఇద్దరి సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూస్తే అది నిజం. ఇక్కడ మన పాత కొలత అక్కరకు వస్తుంది. మనిషి చాచిన చేతుల బార సుమారుగా అతని ఎత్తంత ఉంటుంది. కుడి, ఎడమ చేతుల ఆవృత్తికి తన బార అంత దూరం గడిచే ఇద్దరిని తీసుకుందాం. 1.60 మీటర్ల మనిషికి 20 మీటర్లకు 25 బారలు పడతాయి, 1.90 మీటర్ల మనిషికి 21. దేహాన్ని బట్టి చూస్తే ఇద్దరి నేర్పూ ఒకటే, సంఖ్యలో తేడా నాలుగు. కాబట్టి పక్క వరుసలో ఈదేవాడి సంఖ్య మనకు ప్రమాణం కాదు. పిల్లల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఏటా పొడుగయ్యే దేహానికి నేర్పు పెరగకపోయినా బారలు తగ్గుతూ పోతాయి. ఎత్తు కూడా రాసుకోకపోతే శిక్షకుడు ఎదుగుదలను నేర్పుగా పొరబడతాడు.

దూరపు పందేల చరిత్ర ఈ మాటకు బలం చేకూరుస్తుంది. దాదాపు రెండు మీటర్ల ఎత్తున్న చైనా ఈతగాడు సున్ యాంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్లను 14 నిమిషాల 31.02 సెకన్లలో ముగించాడు. చాలా లెంగ్త్‌లు 50 మీటర్లకు 30 బారల లోపే. ఆ రికార్డు 12 ఏళ్లు నిలిచింది. సుమారు ఐదున్నర అడుగుల జానెట్ ఎవాన్స్ చేతులు గాలిమరలా తిప్పుతూ 1988 సియోల్‌లో 400 మీటర్లను 4 నిమిషాల 3.85 సెకన్లలో ఈదింది. ఆ రికార్డు 2006 దాకా, అంటే 18 ఏళ్లు చెక్కుచెదరలేదు. ఆమెకు సున్ యాంగ్ సంఖ్యను లక్ష్యంగా ఇచ్చి ఉంటే ఆమె ఈతను చెడగొట్టినట్టే అయ్యేది. ఇద్దరిలోనూ ఉమ్మడిగా ఉన్నది, మొదటి లెంగ్త్‌లోని బారను చివరిదాకా నిలుపుకోవడం.

లెక్కపెడుతుంటే ధ్యాస చెదురుతుందన్నది నాలుగో ఆక్షేపణ. నేర్చుకునే తొలి వారాల్లో ఇది వాస్తవమే. ఊపిరి కుదరని దశలో అంకెలు భారమే అవుతాయి. ఊపిరి నిలకడపడ్డాక కూడా సాధన మొత్తం లెక్కపెట్టనక్కర్లేదు. మొదట్లో నాలుగు లెంగ్త్‌లు, చివర్లో నాలుగు చాలు.

ఇతర ఈత రీతులు

బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లైలలో రెండు చేతులూ ఒకేసారి కదులుతాయి, రెండూ కలిపి ఒక బార. గోడను రెండు చేతులతో ఒకేసారి తాకాలన్న నియమం ఉన్నందున బారలు గోడకు సరిగ్గా అమరడం ఇక్కడ అదనపు సమస్య. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో కాళ్ల తన్నుడు తర్వాత వచ్చే జారుడు ఆ రీతిలో సహజ భాగం కనుక ఫ్రీస్టైల్‌కు వర్తించే విమర్శను యథాతథంగా దీనికి వర్తింపజేయకూడదు. బ్యాక్‌స్ట్రోక్ ఈతగాడికి గోడ కనబడదు. గోడకు 5 మీటర్ల దూరంలో నీటికి 1.8 మీటర్ల ఎత్తున జెండాల తోరణం కడతారు. అది కళ్ల మీదుగా వెళ్లినప్పటి నుంచి గోడకు తనకు ఎన్ని బారలో ప్రతి పోటీదారుడూ ముందే లెక్కపెట్టుకుని ఉంచుకుంటాడు.

బహిరంగ జలాల ఈత

సముద్రంలో, నదిలో లెంగ్త్ లేదు. అల, ప్రవాహం, తల ఎత్తి దిక్కు చూసుకోవలసిన అవసరం బారను విరుస్తాయి. పొడవైన జారుడు మధ్యలో అల తగిలితే ఊపంతా పోతుంది, అందుకే అక్కడ కాస్త కురచగా, ఎడతెగకుండా వేసే బార మేలనే శిక్షకులు ఎక్కువ. అయినా కొలనులో సంపాదించిన పొదుపు వృథా కాదు. హైదరాబాద్‌కు చెందిన గోలి శ్యామల 2021 మార్చిలో శ్రీలంక, రామేశ్వరాల మధ్య సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని 13 గంటలకు పైగా ఈది దాటింది. ప్రవాహాన్ని పక్కనపెట్టి లెక్కవేస్తే, బారకు మీటరు చొప్పున అంతటి దూరానికి 30,000 బారలు. బార పది సెంటీమీటర్లు పెరిగితే దాదాపు 2,700 తగ్గుతాయి. భుజానికి ఆ తేడా తెలుస్తుంది.

చూపులేని ఈతగాళ్లు

పారాలింపిక్స్‌లో ఎస్11 వర్గం పూర్తిగా, లేదా దాదాపు పూర్తిగా చూపు లేనివారిది. అందరూ సమానంగా ఉండేందుకు నల్లటి కళ్లద్దాలు పెట్టుకుని ఈదుతారు. వారికి బారల లెక్క సామర్థ్యపు కొలత మాత్రమే కాదు, గోడ ఎక్కడుందో చెప్పే సాధనం కూడా. తన వేగానికి లెంగ్త్‌కు ఎన్ని బారలో వందల సార్లు ఈది స్థిరపరచుకుంటారు, ఆ సంఖ్య దగ్గరపడగానే మలుపుకు సిద్ధమవుతారు. లెక్క ఒక్కదాని మీదే భారం వేయకుండా, కొలను రెండు కొసల్లో ఒక్కో సహాయకుడు కొసకు మెత్తని బంతి అమర్చిన పొడవాటి కర్రతో నిలబడి, గోడ సమీపించగానే ఈతగాడి తల మీదో వీపు మీదో తడతాడు. పందెం చివర్లో అలసటతో బార కుదించుకుపోతే లెక్క ముగిసేసరికి గోడ ఇంకా ఒకటి రెండు బారల అవతలే ఉంటుంది. అప్పుడు ఈతగాడు మలుపు ఆపి, ఆ కర్ర తాకిడి కోసం ఎదురుచూస్తూ మరో చేయి వేస్తాడు.